వేలితో చెప్పే మాట

భివండీ కార్ఖానాల్లో సాంచెలు ఆడుతున్నంతసేపూ ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు. పిలిచినా లాభం ఉండదు. పదుల కొద్దీ మరమగ్గాలు ఒకే కప్పు కింద కదులుతుంటే, నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు 90 డెసిబెల్స్‌ను సులువుగా దాటిపోతుంది. పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా చెవికి అందదు. అందుకే అక్కడ పనంతా చేతులతో, కళ్లతో, పెదవులతో నడుస్తుంది. కండె అయిపోయింది, పోగు తెగింది, సేఠ్ వస్తున్నాడు, చాయ్‌కి పోదాం రా... ఇవన్నీ సైగల్లోనే. ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లోనూ ఒకప్పుడు ఇదే జరిగింది. పెదవులను బాగా సాగదీసి, చేతి సైగలు కలిపి, గొంతు వాడకుండా మాట్లాడుకునే ఆ తీరును అక్కడి కార్మికులు ‘మీ-మాయింగ్’ అని పిలుచుకున్నారు.

మహారాష్ట్రలో ఠాణే జిల్లాలోని భివండీ జనాభా 2011 లెక్కల్లోనే 7 లక్షలు దాటింది. ఇక్కడి నగరపాలక సంస్థ పూర్తి పేరు భివండీ నిజాంపూర్. పాత నిజాంపురా పేట అలా రికార్డుల్లో నిలిచిపోయింది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీలు, తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు తరాలుగా ఇక్కడ మగ్గాన్ని నమ్ముకుని బతుకుతున్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుటుంబాలతో పద్మానగర్ తెలుగు పేటగా ఎదిగింది. ఇంట్లో తెలుగు, సందులో హిందీయో ఉర్దూనో, ఆఫీసుకు వెళ్తే మరాఠీ. పిల్లలు ఈ మూడింటి మధ్య ఇబ్బంది లేకుండా తిరుగుతారు.

పెద్దవాళ్లు ఇంత సహజంగా సైగలతో పని జరుపుకునే ఊళ్లో కూడా, మాట రాని పిల్లవాడు బడి గుమ్మం ఎక్కితే అందరి చూపూ అతని నోటి మీదే ఉంటుంది. “ముందు మాట రానీయండి, చదువు సంగతి తర్వాత చూద్దాం” అనే జవాబు ఒక్క భివండీదే కాదు, దేశంలో చాలా బళ్లలో వినబడేదే. విజ్ఞానశాస్త్రం చెబుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. మాట వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మనసులో ఉన్నది చెప్పుకునే దారి ఏదో ఒకటి ముందు చేతికివ్వాలి. చదువు, స్నేహం, చాలామందిలో మాట కూడా ఆ దారి వెంటే వస్తాయి.

పలుకు ఎక్కడ ఆగుతుంది?

1861లో పారిస్ ఆస్పత్రిలో పాల్ బ్రోకా అనే వైద్యుడు ఒక రోగిని పరీక్షించాడు. ఏం అడిగినా ఆయన నోటి నుంచి వచ్చేది ‘టాన్’ అనే ఒక్క శబ్దమే. కానీ ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతోంది. చేతి సైగలతో, గొంతు హెచ్చుతగ్గులతో జవాబిచ్చేవాడు, అర్థం చేసుకోకపోతే కోపగించుకునేవాడు. ఆయన చనిపోయాక మెదడును పరిశీలిస్తే ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటు కనిపించింది. పలకడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అని వైద్యలోకం గట్టిగా గమనించిన సందర్భాల్లో ఇదొకటి.

ఒక్క వాక్యం పలకాలంటే ఛాతీ, గొంతు, దవడ, నాలుక, పెదవులకు చెందిన దాదాపు వంద కండరాలు వరస తప్పకుండా కదలాలి. ఆ వరసను మెదడు ముందే సిద్ధం చేస్తుంది, ఆజ్ఞలు నరాల గుండా కిందికి దిగుతాయి. ఈ ప్రయాణంలో ఎక్కడ చిక్కుపడ్డా పలుకు తడబడుతుంది లేదా ఆగిపోతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కండరాల మీద పట్టు తగ్గుతుంది. ప్రపంచవ్యాప్తంగా ప్రతి వెయ్యి జననాల్లో ఇద్దరు ముగ్గురిలో ఈ స్థితి కనిపిస్తుంది. ఎప్రాక్సియా ఉన్నవాళ్లలో కండరాలు బాగానే ఉంటాయి, వాటిని కదిలించే పథకమే కుదరదు. అందుకే ఒక మాటను పొద్దున పలికిన పిల్లవాడు మధ్యాహ్నం పలకలేకపోవచ్చు. అది మొండితనం అనుకుని పెద్దలు కసురుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మంది బడి వయసుకు వచ్చాక కూడా చాలా కొద్ది మాటలతోనే ఉండిపోతారు.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది వినికిడి. సరిగా వినబడకపోతే పలకడం రావడం కష్టం. గోడకు అటువైపు సాంచెలు, ఇటువైపు కాపురం ఉన్న ఇళ్లలో పిల్లవాడు పిలిస్తే పలకకపోవడాన్ని చప్పుడు మీదికి నెట్టేయడం తేలిక. మాట ఆలస్యమైన ఏ బిడ్డకైనా మొదటి పరీక్ష చెవిదే కావాలి. పసికందులకు కూడా నిద్రలో ఉండగానే నొప్పి లేకుండా చేసే పరీక్షలు ఇప్పుడున్నాయి.

2011 జనగణనలో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది వికలాంగులుగా నమోదయ్యారు. వారిలో మాట లోపం ఉన్నట్టు రాయించుకున్నవాళ్లే దాదాపు 20 లక్షలు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం వంటి కారణాలతో మాట అందనివాళ్లు వేరే గళ్లలో చేరి ఉంటారు కాబట్టి అసలు అవసరం ఇంకా పెద్దది.

సైగ నుంచి స్క్రీన్ దాకా

నోటిమాటకు తోడుగానో బదులుగానో వాడే పద్ధతులన్నిటినీ కలిపి థెరపిస్టులు ‘ఏఏసీ’ అంటారు. దీనికోసం అంతర్జాతీయ సంఘం ఒకటి 1983లోనే ఏర్పడింది. ఇందులో మొదటి మెట్టుకు పైసా ఖర్చు లేదు: సైగలు, చూపు, తల ఊపడం, ముఖకవళికలు. రెండో మెట్టులో కాగితం మీది బొమ్మలు, అక్షరాల పలకలు వస్తాయి. మూడోది బొమ్మ నొక్కితే మాట వినిపించే ఫోన్లు, టాబ్లెట్లు, ప్రత్యేక పరికరాలు. ఒకే పిల్లవాడు రోజులో ఈ మూడూ వాడొచ్చు. స్నానం చేసేటప్పుడు టాబ్లెట్ పనికిరాదు, సైగ పనికొస్తుంది. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే కాగితం ఆదుకుంటుంది.

బొమ్మలతో మాట్లాడించడం వెనక పెద్ద చరిత్రే ఉంది. చార్లెస్ బ్లిస్ అనే యూదు ఇంజనీరు నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బయటపడి షాంఘై చేరాడు. వేర్వేరు యాసల చైనీయులు ఒకే లిపిని చదువుకోవడం చూసి, ఏ భాషవాళ్లయినా చదవగలిగే గుర్తుల లిపిని తయారు చేయాలనుకున్నాడు. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాక 1949లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. దేశాల మధ్య శాంతి కోసం ఆయన కన్న కలను ప్రపంచం పట్టించుకోలేదు. కానీ 1971లో కెనడాలోని టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ అనే ఉపాధ్యాయురాలు, ఆమె బృందం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం వెతుకుతూ ఆ గుర్తులను పట్టుకున్నారు. అంతవరకు అవును, కాదు తప్ప చెప్పలేని పిల్లలు గుర్తులు చూపుతూ వాక్యాలు కట్టడం మొదలుపెట్టారు.

1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పెక్స్ పద్ధతి ఆటిజం ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకున్నది. పిల్లవాడు తనకు కావాల్సిన వస్తువు బొమ్మను తీసి ఎదుటివాళ్ల చేతిలో పెడతాడు, వెంటనే ఆ వస్తువు అందుతుంది. ఇవ్వడం, పుచ్చుకోవడం ద్వారా ఇంకో మనిషితో సంభాషణ అంటే ఏమిటో అతనికి అనుభవంలోకి వస్తుంది. అదే ఏడాది భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు న్యుమోనియా వచ్చి గొంతుకు శస్త్రచికిత్స చేయాల్సి రావడంతో ఉన్న కాస్త మాటా పోయింది. మొదట్లో ఆయన కూడా అట్ట మీది అక్షరాలను ఎవరైనా చూపుతుంటే, సరైన అక్షరం దగ్గర కనుబొమ ఎగరేసి మాటలు కూర్చేవాడు. కంప్యూటర్ గొంతు ఆ తర్వాత వచ్చింది.

ఒక కాగితం, ముప్పై గళ్లు

రెండో మెట్టులోని బొమ్మల పలక ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. జిరాక్స్ షాపులో దొరికే ఏ-4 కాగితం అడ్డంగా పెట్టి, వరుసకు ఆరు గళ్ల చొప్పున ఐదు వరుసలు గీస్తే ముప్పై గళ్లు. ఒక్కో గడిలో బొమ్మ, దాని కింద మాట. పైన లామినేషన్ చేయిస్తే చేయి తడిసినా చెడదు.

ఆ ముప్పై గళ్లలో ఏం పెట్టాలన్నది అసలు ప్రశ్న. మొదటిసారి పలక చేసేవాళ్లు సాధారణంగా పండ్లు, జంతువులు, వాహనాలతో నింపేస్తారు. అలాంటి పలకతో పిల్లవాడు అరటిపండు చూపగలడు కానీ అక్కర్లేదని చెప్పలేడు, ఇంకా కావాలని అడగలేడు, ఎవరో కొట్టారని ఫిర్యాదు చేయలేడు. మనం రోజూ మాట్లాడే మాటల్లో దాదాపు 80 శాతం కొన్ని వందల పదాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయని ఇంగ్లిషు మాట్లాడేవాళ్ల మీద జరిగిన పరిశీలనలు చూపాయి. థెరపిస్టులు వీటిని మూలపదాలు అంటారు. తెలంగాణ నుంచి వచ్చిన ఇంటి పిల్లవాడికైతే కావాలి, వద్దు, ఇంకా, అయిపోయింది, ఇయ్యి, ఆపు, పోదాం, చూడు, నేను, నువ్వు, ఎవరు, ఏంది, ఏడ, నొప్పి, మంచిగుంది వంటివి ఉండాలి. వాటి పక్కన అమ్మ, నాయిన, అవ్వ, బువ్వ, నీళ్లు, బాత్రూమ్. ఇంట్లో అవ్వ అని పిలుస్తుంటే పలక మీద నానమ్మ అని రాయకూడదు. ఆ ఇంట్లో వినబడే మాటే ఆ గడిలో ఉండాలి.

గళ్లకు రంగులు కూడా వేస్తారు. మనుషులకు పసుపు, పనులకు ఆకుపచ్చ, గుణాలకు నీలం, వస్తువులకు నారింజ అన్నది ఎక్కువమంది పాటించే పద్ధతి. చెవిటి పిల్లలకు వాక్యం నేర్పడానికి ఎడిత్ ఫిట్జెరాల్డ్ అనే ఉపాధ్యాయురాలు 1920లలో రూపొందించిన పట్టిక నుంచి ఇది వచ్చింది. ఒకసారి పెట్టిన గడిని చోటు మార్చకూడదు. టైపు చేసేవాళ్ల వేళ్లు అక్షరాల చోటును గుర్తుపెట్టుకున్నట్టే పిల్లవాడి చేయి కూడా ‘ఇంకా’ ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది. వారం వారం పలక మార్చేస్తే ఆ కష్టమంతా వృథా.

పలక చేతికిచ్చి “ఏం కావాలో చూపించు” అని అడగడంతో చాలామంది ఆపేస్తారు. పనికొచ్చే పద్ధతి వేరే ఉంది: పెద్దవాళ్లే ముందు పలక మీద మాట్లాడాలి. అన్నం పెడుతూ అమ్మ “బిడ్డా, ఇంకా బువ్వ పెట్టాల్నా?” అంటూ ‘ఇంకా’, ‘బువ్వ’ గళ్ల మీద వేలు పెడుతుంది. ఆ తర్వాత ఆగుతుంది. లోపల మెల్లగా పది లెక్కపెట్టుకునేంతసేపు, ఏమీ అనకుండా, ముఖంలోకి చూస్తూ. బిడ్డ చూపు ఆ గడి మీదికి పోయినా, చేయి అటు కదిలినా అదే జవాబుగా తీసుకుని వడ్డిస్తుంది. ‘అయిపోయింది’ మీద చేయి పడితే, గిన్నెలో రెండు ముద్దలు మిగిలి ఉన్నా సరే, పక్కన పెట్టేస్తుంది. తాను చెప్పినదానికి విలువ ఉందని పిల్లవాడికి తెలిసేది అప్పుడే. మాట్లాడే పిల్లలు కూడా మొదటి మాట పలికే ముందు ఏడాదిపాటు చుట్టూ మాటలు వింటారు. పలక మీద మాట్లాడాల్సిన పిల్లవాడికీ అంత చూసే అవకాశం ఇవ్వాలి.

వేలు చూపలేని పిల్లలకూ దారులున్నాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మధ్యలో కిటికీలాగా కోసి, నాలుగు మూలల్లో నాలుగు బొమ్మలు అతికించి, ఇద్దరి ముఖాల మధ్య పట్టుకుంటే పిల్లవాడి చూపు ఏ మూలకు పోతోందో ఎదుటివాళ్లకు తెలుస్తుంది. చూపు కూడా నిలవని పిల్లలకు పెద్దవాళ్లే ఒక్కో వరుసను, తర్వాత ఒక్కో గడిని చూపుతూ చదువుతారు. పిల్లవాడు కన్ను ఆర్పో, చిన్న శబ్దం చేసో, కాలు కదిపో ‘అదే’ అని చెబుతాడు. ఆ ఒక్క కదలిక నమ్మకంగా ఉంటే చాలు, దానితో భాష మొత్తం చేతికందుతుంది.

తెలుగు కోసం కొంచెం వేరుగా ఆలోచించాలి. ఇంగ్లిషు పలకల్లో కర్త, క్రియ, కర్మ ఎడమ నుంచి కుడికి వరుసగా ఉంటాయి. తెలుగులో క్రియ చివర వస్తుంది, కర్త చాలాసార్లు ఉండనే ఉండదు. ‘అది కావాలి’, ‘బయటికి పోదాం’ అంటే వాక్యం నిండిపోయింది. అందుకే కావాలి, వద్దు, పోదాం వంటి మాటలను కుడి అంచున పెడితే వాక్యం తెలుగు వరసలోనే నడుస్తుంది. తిన్నా, తింటా, తినను అని క్రియ లోపలే కాలం, కాదనడం ఇమిడి ఉంటాయి కాబట్టి ‘అయిపోయింది’, ‘తర్వాత’, ‘కాదు’ గళ్లు మొదటి నుంచీ ఉండటం మేలు.

రెండు భయాలు

తల్లిదండ్రులను వెనక్కి లాగే మొదటి భయం: బొమ్మలు అలవాటైతే ఇక నోరు తెరవడేమో. ఈ ప్రశ్నను పరిశోధకులు తీవ్రంగానే తీసుకున్నారు. డయాన్ మిలర్, జానిస్ లైట్, రాల్ఫ్ ష్లాసర్ 2006లో అప్పటిదాకా వెలువడిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. గట్టి సాక్ష్యం ఉన్న 27 మందిని విడిగా చూస్తే 89 శాతం మందిలో ఏఏసీ మొదలుపెట్టాక నోటిమాట పెరిగింది. మిగతావారిలో మార్పు లేదు. తగ్గినవారు ఒక్కరూ లేరు. పెరుగుదల చాలామందిలో కొద్దిగానే ఉందని కూడా వాళ్లు నిజాయితీగా రాశారు. ఏఏసీ మాటను తెచ్చిపెట్టే మందు కాదు. కానీ మాటను చంపుతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

పెరగడానికి కారణం ఊహించదగ్గదే. నోటితోనే చెప్పాలన్న ఒత్తిడి తగ్గితే పలకడం కొంత తేలిక కావచ్చు. గడి నొక్కగానే ప్రతిసారీ ఒకే తీరులో మాట వినబడితే ఆ శబ్దం చెవిలో స్థిరపడుతుంది. అన్నిటికీ మించి, సంభాషణలో పాల్గొనే పిల్లవాడికి ఇంకా చెప్పాలన్న కోరిక పుడుతుంది.

రెండో భయం భివండీ వంటి ఊళ్లకు మరీ దగ్గరిది: మూడు భాషలు కలిసిపోయి బిడ్డ గందరగోళపడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానేద్దాం అన్నది. కొందరు చదువుకున్నవాళ్లే ఈ సలహా ఇస్తుంటారు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో రెండు భాషల మధ్య పెరగడం వల్ల అదనపు నష్టం కనిపించలేదు. తెలుగు మానేసిన తల్లి తనకు సరిగా రాని హిందీలోనో మరాఠీలోనో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటుంది. అవ్వ, తాత మాట్లాడటమే మానేస్తారు. పిల్లవాడి చుట్టూ భాష సగానికి సగం తగ్గిపోతుంది. దానికి బదులు, ఒకే బొమ్మ కింద ఇంట్లోకి తెలుగులో, బడికి మరాఠీలోనో ఉర్దూలోనో మాట రాసుకుంటే ఒకే పలక రెండు చోట్లా పనిచేస్తుంది.

ముంబై, చెన్నై చూపిన దారి

మాలినీ చిబ్ 1966లో సెరిబ్రల్ పాల్సీతో పుట్టారు. ఆమె తల్లి మితూ అలూర్ 1972లో ముంబైలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. అదే ఇప్పుడు అడాప్ట్ పేరుతో పనిచేస్తోంది. మాలిని మాట కొత్తవాళ్లకు అర్థం కాదు. అక్షరాలు టైపు చేస్తే బయటికి చదివి వినిపించే లైట్‌రైటర్ అనే పరికరాన్ని ఆమె వాడారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో డిగ్రీ, లండన్‌లో రెండు మాస్టర్స్ డిగ్రీలు పూర్తి చేశారు. ముంబైలో ఒక పుస్తకాల షాపులో కార్యక్రమాల నిర్వహణ బాధ్యత చూశారు. ఒక్క చిటికెన వేలితో టైపు చేసి ఆత్మకథ రాశారు. దాని పేరు కూడా ‘వన్ లిటిల్ ఫింగర్’. 2014 నాటి ‘మార్గరీటా విత్ ఎ స్ట్రా’ సినిమాకు స్ఫూర్తి ఆమె జీవితమే. నోటిమాట స్పష్టంగా లేకపోవడాన్ని తెలివి లేకపోవడంగా లెక్కగడితే ఎంత నష్టపోతామో చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలు.

చెన్నైలోని విద్యాసాగర్ సంస్థ పిల్లలతో కలిసి పనిచేసిన అజిత్ నారాయణన్, విదేశీ పరికరాల ధర మన కుటుంబాలకు అందదని గ్రహించి ‘అవాజ్’ను తయారు చేశారు. 2010లో దానికి జాతీయ పురస్కారం వచ్చింది. మొదట్లో విడి పరికరంగా ఉన్నది తర్వాత టాబ్లెట్ యాప్‌గా మారి, తెలుగు సహా పలు భారతీయ భాషల్లో దొరుకుతోంది. ముంబైలోనే, ఐఐటీ బొంబాయి డిజైన్ స్కూల్లో ప్రొఫెసర్ రవి పూవయ్య బృందం ‘జెల్లో’ అనే ఉచిత యాప్‌ను రూపొందించింది. స్క్రీన్ మధ్యలో తిండి, ఆట, మనుషులు, చోట్లు వంటి బొమ్మలు ఉంటాయి. రెండు పక్కలా ఇష్టం, ఇష్టం లేదు, అవును, కాదు, ఇంకా, తక్కువ అనే గుర్తులుంటాయి. తిండి బొమ్మ నొక్కి పక్కనున్న గుర్తు నొక్కితే పూర్తి వాక్యం వినిపిస్తుంది. హిందీ, మరాఠీల్లో కూడా పనిచేస్తుంది కాబట్టి భివండీ బడిలో టీచరుకు సులువు.

వినికిడి, మాట సమస్యల మీద దేశంలో ముఖ్యమైన జాతీయ సంస్థ ముంబై బాంద్రాలోనే ఉంది. 1983లో ఏర్పడిన ఆ సంస్థకు పెట్టింది అలీ యావర్ జంగ్ పేరు. హైదరాబాదీ అయిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా, తర్వాత మహారాష్ట్రకు గవర్నర్‌గా పనిచేశారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. మేధో వైకల్యం మీద 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ కూడా అక్కడే ఉంది. సెలవులకు ఊరికి పోయే భివండీ కుటుంబాలకు తెలుగులో సలహా దొరికే చోట్లు ఇవి. ఇక భివండీ నుంచి బాంద్రా వెళ్లాలంటే కల్యాణ్‌కో ఠాణేకో చేరి లోకల్ రైలు పట్టుకోవాలి. షిఫ్టు పనిచేసే తల్లిదండ్రులకు అది ఒక రోజు కూలి. వారానికి రెండుసార్లు థెరపీకి వెళ్లడం చాలామందికి కుదరదు. అందుకే థెరపిస్టు నేర్పినదాన్ని ఇంట్లో, బడిలో రోజంతా చేయగలిగే పద్ధతులకు ఇలాంటి ఊళ్లలో మరింత విలువ ఉంది.

తరగతి గదిలో

మనం మామూలుగా నిమిషానికి 150 మాటలకు పైగా మాట్లాడతాం. పలక లేదా యాప్ వాడేవాళ్లు 10, 15 దాటడం కష్టం. ఈ ఒక్క లెక్క తెలిసిన టీచరు తరగతిని వేరుగా నడుపుతారు. ప్రశ్న అడిగి రెండు సెకన్లలో పక్క బెంచీకి వెళ్లిపోరు. రేపటి ప్రశ్న ఈ రోజే చెప్పి జవాబు సిద్ధం చేసుకుని రమ్మంటారు. ‘ఔరంగజేబు గురించి చెప్పు’ అనే ప్రశ్నను, నాలుగు జవాబులు రాసిన కాగితం మీద వేలో చూపో పెట్టే ప్రశ్నగా మారుస్తారు. గడియారం, నల్లబల్ల, తలుపు మీద బొమ్మతో పాటు మాట రాసి అతికిస్తారు. పలకను గోడకు పెద్దదిగా తగిలించి పాఠం చెబుతూ తానూ చూపుతుంటే మిగతా పిల్లలు నాలుగు రోజుల్లో అందుకుంటారు. ఆట పీరియడ్‌లో ‘నా వంతు’, ‘నువ్వు ఔట్’ గళ్లు లేకపోతే ఆ పిల్లవాడికి స్నేహితులు ఉండరు.

చదవడం, రాయడం నేర్పడాన్ని వాయిదా వేయకూడదు. బొమ్మలతో చెప్పగలిగేది బొమ్మలు ఉన్నంతవరకే. అక్షరాలు వచ్చిన రోజున పిల్లవాడు తాను అనుకున్న ఏ మాటనైనా చెప్పగలడు. మాలినీ చిబ్‌ను కాలేజీకి, ఉద్యోగానికి చేర్చింది అక్షరాలే.

ఒక హెచ్చరిక తప్పనిసరి. పిల్లవాడి చేయినో మణికట్టునో పెద్దవాళ్లు పట్టుకుని అక్షరాల మీదికి నడిపించి, వచ్చిన వాక్యాలను పిల్లవాడివిగా చూపే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. నియంత్రిత పరీక్షల్లో ఆ వాక్యాలు పట్టుకున్నవాళ్లవేనని మళ్లీ మళ్లీ తేలింది. 2018లో అమెరికా వాక్ వినికిడి నిపుణుల సంఘం దాన్ని వాడవద్దని స్పష్టంగా చెప్పింది. పలక పట్టుకోవచ్చు, కుర్చీ సరిచేయవచ్చు, మోచేతికి దిండు పెట్టవచ్చు. ఏ గడి ఎంచుకోవాలన్నది మాత్రం పూర్తిగా పిల్లవాడి కదలికే కావాలి.

అడిగే హక్కు, మొదలుపెట్టే తీరు

1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల జాబితాలో మాట లోపం విడిగా లేనే లేదు. 2016 చట్టం జాబితాను 21కి పెంచి వాక్, భాషా వైకల్యాన్ని చేర్చింది. సంభాషణ అనే మాట నిర్వచనంలోనే సైగలు, దృశ్య ప్రదర్శనలు, ఏఏసీ పద్ధతులను పేర్కొంది. సెక్షన్ 17 ప్రకారం బళ్లలో ఈ పద్ధతుల వాడకాన్ని ప్రోత్సహించాల్సిన బాధ్యత ప్రభుత్వాలది, స్థానిక సంస్థలది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. సమగ్ర శిక్షా పథకంలో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల కేటాయింపు ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బళ్లలో పిల్లలను పరీక్షించి జిల్లా కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. హెడ్మాస్టరును ఈ మూడింటి గురించి అడగడం తల్లిదండ్రుల హక్కు.

కార్యాలయాల పని తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. నిజాంపురాలోనైనా, పద్మానగర్‌లోనైనా, తెలంగాణలోని సిరిసిల్లలోనైనా మీ ఇంట్లో, మీ తరగతిలో మాట అందని బిడ్డ ఉంటే ముందు చెవి పరీక్ష చేయించండి. స్పీచ్ థెరపిస్టును ఒక్కసారైనా కలిసి ఏ కదలిక నమ్మకంగా ఉందో తెలుసుకోండి. ఈ వారమే ఒక కాగితం మీద పది గళ్లు గీసి కావాలి, వద్దు, ఇంకా, అయిపోయింది, నొప్పి వంటి మాటలతో మొదలుపెట్టండి. నెల రోజులు ఆ బిడ్డ నుంచి జవాబు ఆశించకుండా మీరే దాని మీద వేలు పెట్టి మాట్లాడండి. బిడ్డ మొదటిసారి ‘వద్దు’ మీద చేయి పెట్టిన రోజున, అది మీకు ఇబ్బందిగా ఉన్నా సరే, ఆ మాట వినండి.